శ్రీలంకకి వెళ్లిన మన జవాన్లు (1987-90): ఐపీకేఎఫ్ గురించి ఎక్కువమంది అడిగే ప్రశ్నలు

కార్గిల్ గురించి అడిగితే స్కూలు పిల్లలు కూడా టకటకా చెప్తారు. శ్రీలంక గురించి అడిగితే మాత్రం పెద్దవాళ్లు కూడా "అదేదో రాజీవ్ గాంధీ టైంలో కదా" అని అక్కడితో ఆపేస్తారు. కార్గిల్‌లో మనం పోగొట్టుకున్నది 527 మందిని, శ్రీలంకలో పోయింది దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. అందుకే తరచూ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. ఇందులో రాజకీయం తక్కువే ఉంటుంది, వెళ్లిన కుర్రాళ్ల సంగతే ఎక్కువ.

అసలు ఐపీకేఎఫ్ అంటే ఏంటి? మనోళ్లు వేరే దేశానికి ఎందుకెళ్లారు?

ఇండియన్ పీస్ కీపింగ్ ఫోర్స్, అంటే శాంతి పరిరక్షణ దళం. అప్పటికే అక్కడ సింహళుల ప్రభుత్వానికీ, ప్రత్యేక దేశం కావాలనే తమిళ గ్రూపులకీ యుద్ధం నడుస్తోంది. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక ప్రెసిడెంట్ జయవర్ధనే కలిసి ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. శ్రీలంక ఆర్మీ బ్యారక్స్‌లోకి వెళ్లాలి, తమిళ గ్రూపులు ఆయుధాలు అప్పజెప్పాలి, తమిళ ప్రాంతాలకి కొంత అధికారం ఇవ్వాలి, ఇదంతా సజావుగా జరిగేలా మధ్యలో మన సైన్యం నిలబడాలి. ఒప్పందం అయిన గంటల్లోనే మన విమానాలు ఉత్తరాన తమిళులుండే జాఫ్నా పక్కన పలాలి ఎయిర్‌ఫీల్డ్‌లో దిగడం మొదలైంది. మర్నాడు కొలంబోలో గౌరవ వందనం తీసుకుంటున్న రాజీవ్ గాంధీని ఒక శ్రీలంక నేవీ అతను రైఫిల్ తిప్పి కొట్టాడు, ఆ వీడియో చూసే ఉంటారు, ఆయన తల వంచాడు కాబట్టి సరిపోయింది. సింహళ జనానికి మనం రావడం ఎంత ఇష్టమో ఆ ఒక్క దెబ్బలోనే తెలిసిపోయింది, అయినా మనోళ్లు దిగుతూనే ఉన్నారు.

ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇది ఐక్యరాజ్యసమితి మిషన్ కాదు. నీలం టోపీలు లేవు, వేరే దేశాల వాళ్లు లేరు. మొత్తం మనమే.

శాంతి కోసం వెళ్లినోళ్లు యుద్ధం ఎందుకు చేయాల్సొచ్చింది?

మొదటి రెండు నెలలు నిజంగానే బాగుంది. జాఫ్నా జనం పూలదండలేశారు, జవాన్లకి ఇళ్లలోంచి తినడానికి తెచ్చిచ్చారు, మమ్మల్ని శ్రీలంక ఆర్మీ నుంచి కాపాడ్డానికి వచ్చారనుకున్నారు. తమిళ గ్రూపుల్లో అన్నిటికన్నా బలమైన ఎల్టీటీఈ (తమిళ టైగర్లు) కొన్ని తుపాకులు అప్పజెప్పింది, మంచివన్నీ దాచుకుంది. సెప్టెంబర్‌లో ఆ సంస్థ నాయకుడు తిలీపన్ నల్లూరు గుడి దగ్గర నిరాహార దీక్షకి కూర్చుని 26న చనిపోయాడు, దాంతో జనం మూడ్ మారిపోయింది. అక్టోబర్ మొదట్లో సముద్రంలో దొరికిన 17 మంది ఎల్టీటీఈ వాళ్లని శ్రీలంక ప్రభుత్వం కొలంబోకి తీసుకెళ్తానంది, వాళ్లు పలాలిలోనే సైనైడ్ మింగేశారు, 12 మంది చనిపోయారు. ఆ తర్వాత ఇక ఆగలేదు. అక్టోబర్ 10న ఆపరేషన్ పవన్ మొదలైంది, జాఫ్నాని ఎల్టీటీఈ చేతుల్లోంచి తీసుకోవాలని ఆర్డర్.

ఇక్కడ నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది ఒకటుంది. సెప్టెంబర్‌లో ఏ సందు చివర నిలబడి పలకరింపుగా చెయ్యి ఊపాడో, అక్టోబర్‌లో ఆ సందులోకే కాల్చుకుంటూ వెళ్లమని ఆ కుర్రాడికి చెప్పారు. మధ్యలో ఏం మారిందో అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నువ్వు ఇక్కడ పోలీసువా, సైనికుడివా, పంచాయితీ పెద్దవా, ఎవరు మనవాళ్లు ఎవరు పగవాళ్లు, వీటికి పైన ఢిల్లీలోనే స్పష్టంగా జవాబు లేనప్పుడు కింద ఉన్న సిపాయికి ఎక్కణ్ణుంచి వస్తుంది? నా లెక్కలో ఈ మొత్తం కథలో ఎక్కువ ప్రాణాలు తీసింది ఇదే.

మన దేశమే ఎల్టీటీఈకి ట్రైనింగ్ ఇచ్చిందంటారు, నిజమా?

నిజమే. 1983లో తమిళుల మీద జరిగిన అల్లర్ల తర్వాత శ్రీలంక తమిళ గ్రూపులు చాలావాటికి మన గూఢచారి సంస్థ రా శిక్షణ ఇప్పించింది, తమిళనాడులో క్యాంపులు ఉండేవి, ఉత్తరాన డెహ్రాడూన్ వైపు కూడా. నాలుగేళ్ల తర్వాత వాళ్ల మీదకే మన కుర్రాళ్లని పంపాం.

ఎంతమంది చనిపోయారు?

దాదాపు 1,200 మంది. ప్రభుత్వ లెక్కలు ఒక్కోసారి ఒక్కోలా వస్తాయి, 1,150 నుంచి 1,200 మధ్యలో ఉంటాయి. గాయపడినవాళ్లు 3,000 మందికి పైనే. 1987 జులై నుంచి 1990 మార్చి 24న చివరి ఓడ ట్రింకోమలీ వదిలేదాకా, అంటే 32 నెలల్లో. ఒక దశలో అక్కడ మన బలగం 70 వేలు దాటింది, నాలుగు డివిజన్లు.

లెక్కల్లో లేనివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల సంగతి కింద వస్తుంది.

జాఫ్నా యూనివర్సిటీ దగ్గర ఆ రాత్రి ఏం జరిగింది?

అక్టోబర్ 11 అర్ధరాత్రి దాటాక. ప్లాన్ ఏంటంటే ఎల్టీటీఈ పెద్ద నాయకులు యూనివర్సిటీ దగ్గర మీటింగ్‌లో ఉన్నారు, హెలికాప్టర్లలో దిగి పట్టేసుకోవాలి. ముందు 10 పారా అనే యూనిట్ కమాండోలు దిగాలి, వెనక 13వ బెటాలియన్ సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్లు వందల్లో దిగాలి. మన వైర్‌లెస్ మాటలన్నీ ఎల్టీటీఈ వింటూనే ఉంది, కాబట్టి గ్రౌండ్ చుట్టూ మెషిన్ గన్నులు పెట్టుకుని కాచుకుని కూర్చున్నారు. ఎంఐ-8 హెలికాప్టర్లు దిగుతుంటేనే తూట్లు పడ్డాయి, పైలట్లు చీకట్లో అలాగే మళ్లీ మళ్లీ వచ్చారు. కమాండోలు సుమారు వంద మంది దిగగలిగారు, సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ నుంచి మాత్రం ఒక్క ప్లాటూన్, 30 మంది. ఇక హెలికాప్టర్లు రావడం అసాధ్యమైపోయింది.

ఆ 30 మంది తెల్లారేదాకా పోరాడారు, తూటాలు అయిపోయేదాకా. 29 మంది అక్కడే చనిపోయారు. ఒక్కడు మాత్రం పట్టుబడి, తర్వాత ప్రాణాలతో బయటపడ్డాడు కాబట్టి ఆ రాత్రి లోపల ఏం జరిగిందో బయటి ప్రపంచానికి తెలిసింది. కమాండోల్లో ఆరుగురు పోయారు, మిగతావాళ్లని ట్యాంకులు వెళ్లి తీసుకొచ్చాయి. మీటింగ్‌లో దొరుకుతారనుకున్న నాయకులు దొరకలేదు.

అంత పెద్ద ఆర్మీకి అంత చిన్న గ్రూపు చేతిలో ఎందుకంత దెబ్బ తగిలింది?

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో సగం మంది గొంతులో వెటకారం ఉంటుంది, అందుకే కాస్త పొడుగ్గా చెప్తా.

మొదటిది తుపాకీ. మన సిపాయి చేతిలో ఉన్నది 7.62 ఎస్‌ఎల్‌ఆర్, ఇషాపూర్ ఫ్యాక్టరీది, పొడుగ్గా బరువుగా ఉంటుంది, ఒక్కో గుండుకీ ఒక్కోసారి ట్రిగ్గర్ నొక్కాలి, మ్యాగజైన్‌లో 20 తూటాలు. పంజాబ్ మైదానంలో దూరంగా ఉన్న శత్రువుని కొట్టడానికి బంగారంలాంటి తుపాకీ. ఎదుటివాడి చేతిలో ఏకే-47, 30 తూటాలు, నొక్కి పట్టుకుంటే వాన. జాఫ్నా ఇరుకు సందుల్లో, తాటాకు దడుల మధ్య, పది గజాల దూరంలో ఏది పనికొస్తుందో మీరే చెప్పండి.

రెండోది మ్యాపులు. ఊళ్లో సందు సందూ చూపించే సరైన మ్యాపులు మన యూనిట్లకి లేవు. ఎదుటివాడు పుట్టి పెరిగిన ఊరు అది.

మూడోది, అసలు ప్రాణాంతకమైంది, మందుపాతరలు. రోడ్డు కింద పాతిపెట్టి దూరం నుంచి వైరుతో పేల్చేవాళ్లు, ఒక్కో పేలుడికి వ్యాన్ మొత్తం దిగబడేంత గొయ్యి పడేది. దాంతో జవాన్లకి రోడ్డు మీద నడవడమే భయమైపోయింది, పొలాల్లోంచి వెళ్తే అక్కడ చిన్న మైన్లు, అడుగు పడితే కాలు పోయేవి. తాటిచెట్టు మీద స్నైపర్. వాడు ఆఫీసర్లనీ రేడియో పట్టుకున్నవాణ్ణీ ముందు ఏరేవాడు.

నాలుగోది, ఎదుటివాడికి యూనిఫాం లేదు. లుంగీ కట్టుకున్న మనిషి, సైకిల్ తొక్కే కుర్రాడు, ఎవరైనా కావచ్చు. పైగా మొదట్లో పెద్ద ఫిరంగులు, విమానాలు వాడకూడదని ఆంక్షలు, ఎందుకంటే ఊరి నిండా మామూలు జనం. ఆ ఆంక్ష సరైందే అని నా అభిప్రాయం, కానీ ఆ సరైన పనికి ఖరీదు కట్టింది కింద సిపాయి.

ఇన్ని ఉన్నా జాఫ్నాని రెండు మూడు వారాల్లో తీసుకున్నారు. తర్వాత ఎల్టీటీఈ జాఫ్నాకి దక్షిణాన ఉన్న వన్ని అడవుల్లోకి వెళ్లిపోయింది, అక్కణ్ణుంచి రెండేళ్లు పాట్రోలింగ్, యాంబుష్, మళ్లీ పాట్రోలింగ్. 1987 నవంబర్ 25న అలాంటి ఒక యాంబుష్‌లోనే 8 మహార్‌కి చెందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్, ఛాతీలో తూటా దిగాక కూడా కాల్చినవాడి చేతిలోని రైఫిల్ లాక్కుని వాణ్ణి కాల్చి పడిపోయారు. ఈ మొత్తం యుద్ధానికి దక్కిన ఒకే ఒక్క పరమవీర చక్ర ఆయనది.

వెళ్లినవాళ్ల వయసెంత? అక్కడ రోజు ఎలా గడిచేది?

సిపాయిగా చేరేది పదిహేడున్నర నుంచి. కాబట్టి పాట్రోల్‌లో ముందు నడిచేవాళ్లు ఎక్కువగా 19, 20, 22 ఏళ్ల వాళ్లు. చాలామందికి అదే మొదటి సముద్రం, మొదటి విమానం, మొదటి పరాయి దేశం. పరాయి దేశం అంటే ఫోటోలు దిగొచ్చు, ఇంటికి టేపు రికార్డరు తేవచ్చు అనుకుంటూ ఎక్కినవాళ్లున్నారు, శాంతి డ్యూటీనే కదా అని.

ఎప్పుడూ తడిసిన చొక్కా, మలేరియా మాత్రలు, బావి కనపడితే అందులో ఏమైనా కలిపారేమోనని అనుమానం. ఒక రిటైర్డ్ హవల్దార్ గారు నాతో అన్నదేంటంటే, తుపాకీ మోతకి అలవాటు పడ్డాం గానీ నిశ్శబ్దానికి అలవాటు పడలేదు బాబూ, సందులో కుక్క కూడా అరవకపోతే అందరికీ చెమటలు పట్టేవి అని. ఎందుకంటే పేలబోతోందని జనానికి ముందే తెలిసేది, తలుపులేసుకునేవాళ్లు.

మన తెలుగువాళ్లు కూడా వెళ్లారా?

వెళ్లారు, ఎందుకెళ్లరు. ముందుగా జాఫ్నాలో దిగిన 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్ ఉండేదే సికింద్రాబాద్‌లో. అందులో దేశం నలుమూలల వాళ్లూ ఉంటారనుకోండి, కానీ వాళ్లు బయల్దేరింది మన ఊరి కంటోన్మెంట్ నుంచే. మద్రాస్ రెజిమెంట్‌లో తమిళులు, మలయాళీలు, కన్నడిగులతో పాటు తెలుగువాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇంజనీర్లు, సిగ్నల్స్, ఆర్టిలరీ, సర్వీస్ కోర్, మెడికల్, వీటన్నిటిలోనూ ఉన్నారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం తెలుసుగా, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఇంటికొకరు చొప్పున పంపి మిలిటరీ మాధవరం అని పేరే పడిపోయిన ఊరు. గిద్దలూరు వైపు, శ్రీకాకుళం వైపు కూడా మిలట్రీ అంటే తరతరాల ఉద్యోగం. ఇలాంటి ఊళ్లలో అరవై దాటినవాళ్లని కదిపితే లంక మాట వస్తుంది.

ఇంటికి కబురు ఎలా వచ్చేది? మనిషిని తీసుకొచ్చేవాళ్లా?

ఫోన్లు లేవు కదా. ఆర్మీ పోస్టాఫీసు నంబర్ మీద ఇన్‌లాండ్ లెటర్లు, అవి వారాలు పట్టేవి. అంటే ఇంట్లో చదువుతున్న ఉత్తరంలో "నేను క్షేమం" అని ఉంటుంది, రాసిన మనిషి అప్పటికి ఉన్నాడో లేడో తెలీదు. రేడియోలో జాఫ్నా అని వినపడితే ఇంటిల్లిపాదీ ఆగిపోయేవాళ్లు.

చావు కబురు టెలిగ్రాంలో వచ్చేది. పల్లెటూళ్లో దాన్ని చదివిపెట్టడానికి పోస్టుమాస్టరో స్కూలు మాస్టారో కావాలి, అంటే తల్లి కన్నా ముందు ఊరికి తెలిసిపోయేది. ఇప్పుడు జాతీయ జెండా కప్పిన పెట్టె ఊరికి రావడం, కలెక్టరు, ఎస్పీ, ఊరేగింపు, ఇదంతా మామూలైంది, ఇది స్థిరపడింది కార్గిల్ నుంచి. లంకలో చనిపోయిన చాలామందికి అక్కడే దహనం చేశారు. ఇంటికి వచ్చింది అస్థికలు, తర్వాత కొన్నాళ్లకి పేరు, నంబర్ తెల్ల పెయింట్‌తో రాసిన నల్ల ట్రంకు పెట్టె. మొహం చూడకపోవడం వల్ల "ఎక్కడో బతికే ఉన్నాడు, తప్పిపోయాడంతే" అని ఏళ్ల తరబడి అనుకున్న తల్లులున్నారు.

మనోళ్లు అక్కడి జనాన్ని చంపారని అంటారు. ఇది నిజమా, దుష్ప్రచారమా?

నిజమే. దీన్ని దాటేసి మిగతాదంతా రాస్తే ఈ పేజీకి విలువుండదు. 1987 అక్టోబర్ 21న, దీపావళి రోజు, జాఫ్నా ఆసుపత్రిలోకి మన సైనికులు వెళ్లారు, అక్కణ్ణుంచి ఎల్టీటీఈ వాళ్లు కాల్చారని మనవాళ్ల వాదన. ఆ రోజూ మర్నాడూ కలిపి రోగులు, డాక్టర్లు, నర్సులు, పనివాళ్లు సుమారు 60, 70 మంది చనిపోయారు. 1989 ఆగస్టులో వల్వెట్టితురైలో, మన పాట్రోల్ మీద దాడి జరిగాక, 50 మందికి పైగా ఊరివాళ్లని చంపారు, ఇళ్లు తగలబెట్టారు. ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు జరిగాయని కూడా అప్పట్లోనే మానవ హక్కుల సంఘాలు రికార్డు చేశాయి.

పొద్దున పక్కన టీ తాగిన స్నేహితుడి శరీరం ముక్కలు ఏరిన 20 ఏళ్ల కుర్రాడు సాయంత్రానికి ఎలా ఉంటాడో ఊహించుకోవచ్చు, కానీ ఊహించుకోవడం వేరు, సరే అనడం వేరు. అక్కడి తల్లులకి వాళ్ల పిల్లలు వాళ్లకి పోయారు. దాన్ని ఆపాల్సిన ఆఫీసర్లు చాలాచోట్ల ఆపారు, కొన్నిచోట్ల ఆపలేదు, విచారణలంటూ జనానికి కనపడేలా ఏవీ జరగలేదు. చేసినవాళ్లలో ఎంతమంది అది మోసుకుని ఇంటికొచ్చారో కూడా ఎవరూ అడగలేదు. ఇందాక లెక్కల్లో లేనివాళ్లు అన్నానే, అక్కడ అలా చనిపోయిన ఆ మామూలు జనమే.

తిరిగొచ్చాక వీళ్లని ఎలా చూశారు?

1989 జనవరిలో ప్రేమదాస శ్రీలంక ప్రెసిడెంట్ అయ్యాడు, మీరు వెళ్లిపోండి అని మనకి గడువు పెట్టాడు, పైగా మనతో పోరాడుతున్న ఎల్టీటీఈకే ఆయుధాలిచ్చాడు. దక్షిణాన జేవీపీ అనే సింహళ తీవ్రవాద పార్టీ వాళ్లు భారత సైన్యం దురాక్రమణ చేసిందని రక్తపాతం సృష్టించారు. అంటే చివరికొచ్చేసరికి మన జవాను అంటే సింహళీయులకి పడదు, తమిళులకి పడదు, ఆ దేశ ప్రభుత్వానికి పడదు. 1989 డిసెంబర్‌లో ఢిల్లీలో వీపీ సింగ్ ప్రధాని అయ్యాడు, వెనక్కి రమ్మన్నారు. మద్రాసు రేవులో దిగితే ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లనన్నారు, తమిళుల్ని చంపి వచ్చిన సైన్యం అని. ఆయన వైపు నుంచి చూస్తే ఆయనకో కారణముంది, కానీ ఓడ దిగిన కుర్రాడు తనంతట తాను వెళ్లలేదు కదా, పార్లమెంటు ఉన్న దేశం పంపితే వెళ్లాడు.

1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపేశారు. ఆ తర్వాత లంక అంటే దేశానికి గుర్తొచ్చేది ఆ హత్యే. 1,200 మంది దాని నీడలో పడిపోయారు.

గాయపడినవాళ్ల పరిస్థితి ఏంటి?

మైన్ల వల్ల కాళ్లు పోయినవాళ్లే ఎక్కువ. పుణెలో ఆర్మీ కృత్రిమ అవయవాల కేంద్రం ఉంది, 1944 నుంచీ నడుస్తోంది, అక్కడ కాలు పెట్టి నడక నేర్పుతారు. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకి పుణె దగ్గరే కిర్కీలో పారాప్లెజిక్ సెంటర్ ఉంది, కొందరు అక్కడే జీవితమంతా ఉండిపోతారు. అక్కడిదాకా ఆర్మీ బాగానే చూసుకుంటుంది, నేను వినిందాంట్లో ఫిర్యాదులు తక్కువ. చిక్కంతా ఊరికొచ్చాక. కృత్రిమ కాలు కాంక్రీటు నేల మీద నడవడానికి బాగుంటుంది, వరి చేను గట్టు మీద కాదు. 23 ఏళ్లకి మెడికల్ బోర్డు మీద ఇంటికొచ్చినవాడికి పెళ్లి సంబంధాలు రావు, పెన్షన్ కాగితాల్లో అది యుద్ధ గాయమా మామూలు వైకల్యమా అన్న ఒక్క మాట తేడాతో ప్రతినెలా వచ్చే డబ్బు మారిపోతుంది, ఆ ఒక్క మాట సరిచేయించుకోడానికి ట్రైబ్యునల్‌దాకా వెళ్లాల్సొచ్చే కేసులుంటాయి.

మరి మనసుకి తగిలిన దెబ్బలు?

వియత్నాం నుంచి వచ్చిన కుర్రాళ్లని చూసి అమెరికా సైకియాట్రిస్టులు 1980లో పీటీఎస్‌డీ అని ఒక జబ్బుని (భయంకరమైన అనుభవాల తర్వాత మనసుని వదలని బాధ) అధికారికంగా తమ జబ్బుల పుస్తకంలోకి ఎక్కించారు. మన జవాన్లు లంకకి వెళ్లింది ఆ తర్వాత ఏడేళ్లకి. అయినా తిరిగొచ్చినవాళ్లలో మామూలు సిపాయిని కూర్చోబెట్టి రాత్రులు నిద్రపడుతోందా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు, యూనిట్లు లంక నుంచి దిగి నేరుగా కశ్మీర్, పంజాబ్ డ్యూటీలకి వెళ్లిపోయాయి, అప్పుడే అక్కడ మండుతోంది.

ఊళ్లలో దీనికి పేరుండదు. "మిలట్రీ నుంచి వచ్చాక మనిషి మారిపోయాడు", "తాగుడెక్కువైంది", "దీపావళికి ఇంట్లో ఉండడు, పొలం వెళ్లిపోతాడు" అంటారు. కొందరు మట్టి రోడ్డు మీద కొత్తగా తవ్విన చోటు కనిపిస్తే ఇప్పటికీ పక్కకి తప్పుకుని నడుస్తారు. క్యాంటీన్ సరుకు దొరుకుతుంది కాబట్టి తాగుతున్నాడని ఊరు నవ్వుకుంటుంది. మగాడు, అందులోనూ మిలట్రీ మగాడు, భయంగా ఉందని చెప్పుకోవడం మన దగ్గర సిగ్గు కింద లెక్క.

భార్యల సంగతి?

20, 22 ఏళ్లకే విధవలైనవాళ్లు. యుద్ధంలో చనిపోతే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ అని ఉంటుంది, భర్త చివరిగా తీసుకున్న జీతమంతా పెన్షన్‌గా వస్తుంది, మామూలు ఫ్యామిలీ పెన్షన్ కన్నా చాలా ఎక్కువ. డబ్బుంది అంటే ఇంట్లో గొడవ కూడా ఉంటుంది, అత్తమామలా కోడలా, ఎవరి చేతికి రావాలి అని. దాంతో మరిదికిచ్చి పెళ్లి చేసేయడం కొన్ని ప్రాంతాల్లో మామూలైపోయింది, దానికి ప్రభుత్వ రూల్సు కూడా వత్తాసు పలికాయి. శౌర్య పతకాలకి నెలనెలా వచ్చే భత్యం విధవ మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది, చనిపోయిన భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటే మాత్రం ఆగేది కాదు! ఈ షరతు ఎత్తేసింది 2017 నవంబర్‌లో. లంకలో భర్త పోయిన అమ్మాయికి అప్పటికి యాభై దాటుంటాయి.

వీళ్లకి స్మారకం ఉందా?

మన ఢిల్లీ కన్నా ముందు కట్టింది శ్రీలంక వాళ్లే, ఇది చాలామంది నమ్మరు. కొలంబో పక్కన శ్రీ జయవర్ధనపుర కోట్టేలో నల్లరాతి మీద మన జవాన్ల పేర్లు చెక్కి 2008లో పూర్తిచేశారు, 2025 ఏప్రిల్‌లో ప్రధాని మోదీ వెళ్లి నివాళి అర్పించారు. పలాలిలో కూడా ఒకటి ఉంది. మన దేశంలో అన్ని పేర్లూ ఒకచోట కనిపించాలంటే 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో నేషనల్ వార్ మెమోరియల్ తెరిచేదాకా ఆగాల్సొచ్చింది, అక్కడ త్యాగ చక్రలో గ్రానైట్ ఇటుకల మీద పేర్లున్నాయి. కొలంబో టూరుకెళ్లే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు ఈ మధ్య, రామాయణ ప్యాకేజీలో ఒక గంట దీనికి పెట్టుకోవచ్చు.

ఇదంతా వృథాయేనా?

ఒప్పందం వల్ల శ్రీలంక రాజ్యాంగంలో 13వ సవరణ వచ్చింది, ప్రావిన్షియల్ కౌన్సిళ్లు వచ్చాయి, కాగితం మీద ఇప్పటికీ ఉన్నాయి. మనం వచ్చేసిన మూడు నెలలకే అక్కడ మళ్లీ యుద్ధం మొదలై 2009 మే దాకా సాగింది. మిగతాది మీరే తేల్చుకోండి, నేను వృథా అని రాస్తే చదివే ఒక తల్లికి దెబ్బ, కాదు అని రాస్తే అబద్ధం.

ఇప్పుడు కూడా మన కుర్రాళ్లు వేరే దేశాల యుద్ధాల్లో చనిపోతున్నారా?

రెండు రకాలుగా. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో మనోళ్లు కాంగో, సౌత్ సూడాన్ లాంటి చోట్ల ఉన్నారు, ఇప్పటిదాకా అలాంటి మిషన్లలో 170 మందికి పైగా భారతీయులు ప్రాణాలు కోల్పోయారు, ఏ దేశమూ ఇంతమందిని పోగొట్టుకోలేదు. వాళ్లకి కనీసం వెనక ఆర్మీ ఉంది, రూల్స్ ఉన్నాయి.

రెండోది మరీ దారుణం. 2023 చివరి నుంచి ఏజెంట్లు యూట్యూబ్ వీడియోలు పెట్టి, రష్యాలో హెల్పర్ పని, సెక్యూరిటీ పని, యుద్ధానికి సంబంధం లేదు అని చెప్పి లక్షలు గుంజి కుర్రాళ్లని పంపించారు. అక్కడ దిగాక రష్యన్ భాషలో ఉన్న కాంట్రాక్టు మీద సంతకం, కొద్దిరోజుల ట్రైనింగ్, తర్వాత ఉక్రెయిన్ సరిహద్దు. హైదరాబాద్, నారాయణపేట కుర్రాళ్లు కూడా ఇందులో ఇరుక్కున్నారు. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడు ఒకతను చనిపోయాడని మాస్కోలోని మన ఎంబసీ చెప్పింది, అదే నెల సీబీఐ ఏజెంట్ల మీద దాడులు చేసింది, జులైలో మోదీ మాస్కో వెళ్లినప్పుడు ఈ విషయం ఎత్తారు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క: మొత్తం 126 మంది, అందులో 12 మంది చనిపోయారు, 16 మంది ఆచూకీ లేదు. లంకకి వెళ్లినవాడికి శాంతి డ్యూటీ అన్నారు, వీళ్లకి హెల్పర్ డ్యూటీ అన్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆఫర్ వస్తే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ ఏజెంటు లైసెన్సు ఉందో లేదో చూడండి, తెలియని భాషలో కాగితం మీద సంతకం పెట్టొద్దు, ఇప్పటికే ఇరుక్కుంటే విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో కంప్లయింట్ పెట్టి ఎంబసీకి మెయిల్ చేయండి, ఆలస్యం వద్దు. పరువు పోతుందని ఏజెంటుతోనే బేరాలాడుతూ వారాలు పోగొట్టుకోకండి.

మా నాన్నగారు ఐపీకేఎఫ్‌లో చేశారు, ఏం అడిగినా చెప్పరు. ఎలా తెలుసుకోవాలి?

"ఎంతమందిని చంపావు నాన్నా" అని మాత్రం అడక్కండి, సినిమాలు చూసి చాలామంది పిల్లలు ముందు అడిగేది అదే. పక్కన బెర్త్‌లో ఎవరు పడుకునేవాళ్లు, తిండి ఎలా ఉండేది, ఏ ఓడలో వెళ్లారు, ఎవరికి ఉత్తరాలు రాసేవాళ్లు, ఇలా మనుషుల గురించి అడగండి. ఒక పేరు బయటికొస్తే దాని వెనక మిగతాది మెల్లగా వస్తుంది, రాకపోతే వదిలేయండి.

కాగితాల పరంగా డిశ్చార్జి బుక్‌లో యూనిట్, సర్వీసు నంబరు, ఏ ఏడాది ఎక్కడ ఉన్నారో ఉంటుంది. అది పోతే ఆ నంబరు పట్టుకుని ఆయన రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకి రాయొచ్చు, జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో అడిగితే అడ్రసు ఇచ్చి దరఖాస్తు కూడా పంపిస్తారు. పెన్షన్‌లో తేడా అనిపిస్తే పీపీఓ (పెన్షన్ మంజూరు కాగితం) కాపీ తీసుకెళ్లి, రక్షణ శాఖ పెన్షన్ వెబ్‌సైట్ స్పర్శ్‌లో ఏం నమోదైందో అక్కడే చూపించమనండి, చాలామంది పెద్దవాళ్లకి తమది వార్ ఇంజురీ కింద నమోదైందో లేదో తెలీదు. నాన్నగారు లేకపోతే అమ్మ పేరు, పుట్టిన తేదీ అందులో సరిగ్గా ఉన్నాయో లేదో ముందు అది చూడండి, చాలా ఇళ్లల్లో అక్కడే ఆగిపోతోంది.